విహారం

సముద్రం లేని హైదరాబాదు తన చెరువులకు సాగరాలని పేరు పెట్టుకొన్నది. కుతుబ్‌షాహీల నాటి హుస్సేన్‌సాగర్, 1920లో మూసీనదిపై కట్టిన ఉస్మాన్‌సాగర్, 1927 నాటి హిమాయత్‌సాగర్ - అన్నీ సాగరాలే. నగరానికి ఉత్తరాన ఉన్న జీడిమెట్ల చెరువుకు కూడ ఆ గౌరవం దక్కింది. 1897లో నిర్మితమైన ఆ జలాశయాన్ని ఫాక్స్‌సాగర్ అంటారు. అవతలి గట్టు కంటికి ఆనుతున్న నీటిని సాగరమనడం అతిశయోక్తి. అయినా పీఠభూమి మీద పుట్టి పెరిగినవారికి ఆ అతిశయోక్తిలోనే ఒక ఓదార్పు ఉన్నది. గట్టు కనపడని నీరు ఎట్లుంటుందో చూడాలనే కోరికను వారు తరతరాలుగా ఆ పేరుతోనే తీర్చుకొంటూ వచ్చారు.

జీడిమెట్ల పారిశ్రామికవాడకు ఆనుకొని ఉన్న షాపూర్‌నగర్‌లో ఒక జంట ఆ కోరికను 34 సంవత్సరాలు వాయిదా వేసింది. మెదక్ ప్రాంతపు పల్లె నుండి బతుకుతెరువు కోసం వచ్చిన ఆయన ఒక కర్మాగారంలో బాయిలరు వద్ద పనిచేశాడు. ఆమె ఇంటి ముందు గదిలో కుట్టుమిషను వేసికొని వీధిలోని వారికి రవికలు కుట్టింది. పిల్లల చదువులు, వారి పెండ్లిండ్లు, రెండు గదుల ఇల్లు - ఇవన్నీ ఆ రెండు యంత్రాల నుండే వచ్చాయి.

ఈ కాలంలో వారు ప్రయాణాలు చేయలేదని కాదు. పెండ్లిండ్లకు పోయారు, చావు కబురు విని రాత్రికి రాత్రి బయలుదేరారు, మొక్కు తీర్చుకోవడానికి వేములవాడకు, ఏడుపాయలకు వెళ్లారు. ప్రతి ప్రయాణానికీ ఒక కారణం ఉండేది. కారణం లేకుండా ఇల్లు విడిచి వెళ్లడమన్నది వారి ఊహకు అందని విషయం. 1948 నాటి కర్మాగారాల చట్టం, సంవత్సరంలో 240 దినాలు పనిచేసిన కార్మికునికి ప్రతి 20 పనిదినాలకు ఒక దినం చొప్పున వేతనంతో కూడిన సెలవును హక్కుగా ఇచ్చింది. ఆ హక్కు ఆయనకు తెలుసు. తెలిసి కూడ, సెలవును సొమ్ముగా మార్చుకొనే వీలు దొరికినప్పుడల్లా మార్చుకొని పిల్లల ఫీజులు కట్టాడు. కార్మికుల జీవితాలలో విశ్రాంతి చాలకాలం ఇట్లా ఇంకొకరి ఖాతాలో జమ అవుతూ ఉంటుంది.

ఈ స్థితి ఒక్క మన దేశానిదే కాదు. ఫ్రాన్సు దేశంలో 1936లో పెద్ద సమ్మెలు జరిగిన తరువాత, కార్మికులందరికీ ఏటా రెండు వారాల వేతన సెలవు ఇవ్వాలని శాసనం చేశారు. ఆ వేసవిలోనే తగ్గింపు ధరకు రైలు టిక్కెట్లు అమ్మారు. పారిస్ కర్మాగారాలలో తలలు నెరసిన ఎందరో ఆ సంవత్సరమే తొలిసారి సముద్రాన్ని చూశారు. సముద్రం వారి దేశంలోనే ఉన్నది. అక్కడికి పోవడానికి వారికి లేనిది తీరిక.

ఆయన ఉద్యోగ విరమణ చేసిన పిమ్మట, మాదాపూర్‌లో సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేస్తున్న కూతురు ఈ వాయిదాకు ముగింపు పలికింది. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటి నుండి ఆ దిక్కున పెరిగిన కొత్త నగరంలో సెలవులు తీసికొని విహారానికి పోవడం ఏటేటా జరిగే మామూలు విషయం. జీడిమెట్లకూ మాదాపూర్‌కూ నడుమ ఉన్నది పది పదిహేను కిలోమీటర్ల దూరమే అయినా, తీరిక విషయంలో మాత్రం ఒక తరం దూరం ఉన్నది. "వెకేషన్‌కు పోండి నాయనా" అని కూతురు అన్నప్పుడు, "అక్కడ మనకేం పని ఉన్నది బిడ్డా?" అని తండ్రి అడగడం సహజమే.

ఆ ప్రశ్నకు సమాధానం ఆయన మిత్రుల వద్ద దొరికింది. శ్రీకాకుళం జిల్లా నుండి జీడిమెట్లకు వలస వచ్చి ఆయనతో పాటే ఇరవై ఏండ్లు షిఫ్టులు చేసిన స్నేహితునికి విశాఖపట్నంలోని ఎం.వి.పి. కాలనీలో బంధువుల ఇల్లు ఒకటి ఖాళీగా ఉన్నది. చింతల్‌లో కిరాణా దుకాణం నడిపే మరొక జంట కూడ కలిసింది. ఆరుగురు, నాలుగు దినాలు. 2014లో రాష్ట్రం రెండైనప్పుడు ఈ మిత్రుల మధ్య వాదోపవాదాలు జరగకపోలేదు. అయితే బాయిలరు మంట ముందు పంచుకొన్న టీ గ్లాసు ఆ వాదాలన్నిటికంటె పాతది.

ప్రయాణానికి గోదావరి ఎక్స్‌ప్రెస్‌ను ఎంచుకొన్నారు. 1974లో మొదలైన ఈ రైలు సాయంకాలం హైదరాబాదులో బయలుదేరి దాదాపు 700 కిలోమీటర్లు నడిచి తెల్లవారేసరికి విశాఖపట్నం చేరుస్తుంది. అంతకంటె వేగంగా పోయే రైళ్లు నేడు ఉన్నాయి. కాని నిద్రించి లేచేసరికి మరొక లోకంలో ఉండే సుఖం రాత్రి రైలులోనే ఉన్నది.

ఆమె మాత్రం ఆ రాత్రి నిశ్చింతగా నిద్రించలేదు. సీటు క్రింద రెండు సంచులనిండా పులిహోర, జొన్నరొట్టెలు, సకినాలు, పచ్చళ్లు, బియ్యం, పప్పు సర్దిపెట్టింది. శ్రీకాకుళం మిత్రుని ఇల్లాలు ఆ సంచులను చూసి నవ్వింది. "వదినా, ఈ నాలుగు రోజులూ పొయ్యి వెలిగించకూడదని ముందే అనుకున్నాం కదా! మగవాళ్లకు సెలవు, మనకు వంటిల్లు మారడం - ఇదేనా విహారమంటే?" అన్నది.

నవ్వుతూ అన్నదే అయినా ఆ మాట ఆలోచింపదగినది. విహారయాత్రలను గురించి వ్రాసేవారు కొండలను, కోనలను, కెరటాలను వర్ణిస్తారు. అక్కడ అన్నం ఎవరు వండారన్నది వ్రాయరు. పురుషుడు ఉద్యోగ విరమణ చేసిన నాడు సన్మానం జరుగుతుంది, శాలువ కప్పుతారు. వంటింటికి విరమణ తేదీ అంటూ లేదు. అందుకే ఆ ముగ్గురు స్త్రీలు చేసికొన్న నియమం చిన్నదే అయినా, ఈ ప్రయాణమంతటిలో అదే సాహసోపేతమైనది. బియ్యం, పప్పు సంచి విప్పకుండానే తిరిగి వచ్చింది. పులిహోర మాత్రం సామర్లకోట రాకముందే అయిపోయింది.

తొలి ఉదయం ఆరుగురూ రామకృష్ణా బీచ్‌కు నడిచి వెళ్లారు. సమీపంలోని రామకృష్ణ మిషన్ ఆశ్రమం వలన ఆ తీరానికి ఆ పేరు వచ్చింది. తూర్పు తీరం కనుక సూర్యుడు నీటిలో నుండే ఉదయిస్తాడు. కుడివైపున డాల్ఫిన్స్ నోస్ కొండ సముద్రంలోనికి ముట్టెను చాచుకొని ఉన్నది. ఆ కొండ చాటుననే, 1933లో ప్రారంభమైన ఓడరేవుకు పోయే దారి. ఆమె చాలసేపు మాట్లాడక నిలబడింది. పిదప మెల్లగా అడిగింది: "దీనికి కట్ట ఏడున్నది?"

ఎవరూ నవ్వలేదు. చెరువును మాత్రమే ఎరిగిన కన్ను మొట్టమొదట వెదకేది కట్టనే.

సముద్రదర్శనం మన కవులకు క్రొత్త కాదు. కావ్యంలో ఉండదగిన వర్ణనలను చెబుతూ దండి తన కావ్యాదర్శంలో నగరాన్ని, సముద్రాన్ని, పర్వతాన్ని, ఋతువులను, చంద్రసూర్యోదయాలను పేర్కొన్నాడు. ఉద్యానవిహారాన్ని, జలక్రీడను కూడ వాటితో చేర్చాడు. మంత్రాలోచన, దౌత్యం, దండయాత్ర, యుద్ధం ఆ పట్టికలోనివే. తెలుగు ప్రబంధకవులు వీటిని అష్టాదశ వర్ణనలని పిలిచి పాటించారు. యుద్ధానికి ఎంత చోటో తోటలో తిరగడానికీ అంత చోటు ఇచ్చిన సంప్రదాయమిది. అయితే ప్రబంధాలలో విహరించేవారు రాజులు, రాజకుమార్తెలు. వారి వెంట ఛత్రచామరాలు పట్టి నడచిన వారికి ఆ అలలు ఎట్లా కనిపించాయో ఏ ప్రబంధకవీ చెప్పలేదు. ఈ లోటు మన సాహిత్యంలో చాలకాలం ఉండిపోయింది.

ప్రయాణాన్ని మొదట వివరంగా తెలుగు వచనంలో వ్రాసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో మద్రాసు నుండి కాశీకి బయలుదేరాడు. పోయేటప్పుడు హైదరాబాదు మీదుగా, వచ్చేటప్పుడు జగన్నాథం, విశాఖపట్నం మీదుగా నడచి 1831 సెప్టెంబరులో ఇల్లు చేరాడు. దారి, నీటివసతి, ధరలు, మనుషుల తీరు అన్నీ దినచర్యగా వ్రాసికొన్నాడు. ఆయన కన్ను విహారి కన్నే. అయినా ఆ ప్రయాణానికి పుణ్యమన్న పేరు కావలసివచ్చింది. మన సమాజంలో ఇల్లు కదలడానికి పుణ్యమో, పనియో ఏదో ఒక పూచీకత్తు ఉండి తీరాలి.

ఆమెకూ ఆ పూచీకత్తు లేనిదే కాలు నిలువలేదు. ఇసుకలో కూర్చొన్న కొద్దిసేపటికే ఆమె కుడిపాదం తనంతట తాను పైకీ క్రిందికీ ఆడుతున్నది. అక్కడ మిషను లేదు. పాదానికి ఆ సంగతి తెలియదు. "ఊకె కూసుంటె ఎట్లనో ఉన్నది వదినా" అని లేచి, మొక్కజొన్న కండెలు కాలుస్తున్న స్త్రీ వద్దకు వెళ్లి మాటలు కలిపింది. నిప్పులు విసరుతున్న ఆ స్త్రీ కొనేవారు వచ్చే రోడ్డువైపు ముఖం పెట్టి, సముద్రానికి వీపు పెట్టి కూర్చొన్నది. తీరంలో ముంత కింద పప్పు కలిపేవారు, గుర్రాలను నడిపించేవారు, ఫోటోలు తీసేవారు అందరూ అంతే. ఒకరి విహారం ఇంకొకరి పనిదినం. ఆమె కండె కొని, బేరమాడకుండ అడిగినంత ఇచ్చింది. బేరమాడకపోవడం ఆమె జీవితంలో అరుదైన సంఘటన అని భర్త తరువాత మిత్రులకు చెప్పాడు.

ఆ తీరంలో అలలు మనోహరమైనవే కాని స్నానానికి తగినవి కావు. హెచ్చరిక ఫలకాలు ఉన్నా యువకులు లోనికి దిగుతూనే ఉంటారు. ఒడ్డుకు వచ్చిన అలల నీరంతా ఎక్కడో ఒకచోట సన్నని పాయగా కూడి వేగంగా వెనుకకు పోతుంది. చూపులకు ఆ చోట అలలు విరగక నీరు ప్రశాంతంగా ఉన్నట్లుంటుంది. అక్కడే ప్రమాదం. ఆ ప్రవాహంలో చిక్కినవాడు దానికి ఎదురీది ఒడ్డుకు రావాలని ప్రయత్నించి అలసిపోతాడు. తీరానికి సమాంతరంగా కొంతదూరం ఈది పాయ నుండి తప్పుకొంటే బయటపడే అవకాశం ఉంటుంది. శ్రీకాకుళం మిత్రుడు సముద్రం ఎరిగినవాడు గనుక మోకాలి లోతు దాటనివ్వలేదు. స్నానానికి మరునాడు ఋషికొండకు తీసికొనిపోయాడు. 2020లో బ్లూ ఫ్లాగ్ అనే అంతర్జాతీయ గుర్తింపు పొందిన ఆ తీరంలో, రక్షకులు చూస్తుండగా, ముగ్గురు స్త్రీలు ఒకరి చేయి ఒకరు పట్టుకొని అలలకు ఎదురుగా నిలబడ్డారు. చీరలు తడిసినవి. అరువది ఏండ్ల వయసుకు చేరువైనవారు బడిపిల్లలవలె కేకలు వేశారు.

మూడవనాటి ఉదయం వారు కురుసుర జలాంతర్గామిని చూడబోయారు. సోవియట్ యూనియన్‌లో తయారై 1969 డిసెంబరులో భారత నౌకాదళంలో చేరిన ఈ నౌక, 1971 యుద్ధకాలంలో కూడ సేవలందించి, 2001 ఫిబ్రవరిలో విరమించింది. దానిని ఒడ్డుకు చేర్చి 2002లో ప్రదర్శనశాలగా మార్చారు. 91 మీటర్ల పొడవైన ఆ ఇనుప గొట్టంలో డెబ్బై మందికి పైగా నావికులు నెలల తరబడి జీవించేవారు. ఇద్దరు మనుషులు ఎదురుపడితే ఒకరు ఒదిగి నిలబడవలసినంత ఇరుకు. పడకలు అరలవలె ఒకదానిపై ఒకటి ఉన్నాయి.

అంతవరకు అందరి వెనుక నిదానంగా నడుస్తూ వచ్చిన ఆయన ఇంజను గదిలో అడుగు పెట్టగానే మారిపోయాడు. రెండువైపులా చక్రాల వాల్వులు, పీడనమాపకాలు, రాగి గొట్టాలు. ఆయన చేయి అప్రయత్నంగా ఒక వాల్వు చక్రం మీదికి పోయింది. వివరించడానికి వచ్చిన విశ్రాంత నావికుడు ఆ చేతిని గమనించి, "మీరు ఏ ప్లాంటులో చేశారండీ?" అని అడిగాడు. ఇక ఆ ఇద్దరి మాటలకు అడ్డు లేకపోయింది. నీటిపై ఉన్నప్పుడు డీజిలు ఇంజనులు నడిచి బ్యాటరీలను నింపుతాయి. మునిగినప్పుడు ఆ బ్యాటరీల విద్యుత్తుతోనే మోటార్లు తిరిగి నౌకను నడుపుతాయి. ఇంజనుకు గాలి కావాలి గనుక లోతున డీజిలు పనికిరాదు. ఆ సంగతి వినగానే ఆయన, కరెంటు కోతల కాలంలో తమ కర్మాగారపు జనరేటరు గదిని గురించి చెప్పాడు. గాలి ఆడని గదిలో ఇంజను ఎట్లా ఉక్కిరిబిక్కిరి అవుతుందో, దాని శబ్దం మారగానే చెవి ఎట్లా పసిగడుతుందో చెప్పాడు. "అది 31 ఏండ్లు చేసింది, నేను 34 చేసిన" అని నౌకను చూపి నవ్వాడు.

ఆమె వెనుక నిలబడి వింటున్నది. 34 సంవత్సరాలు అన్నం డబ్బా కట్టి పంపిన ఇల్లాలు కర్మాగారం గేటు లోపలికి ఒక్కసారి కూడ అడుగు పెట్టలేదు. ఆ గేటుకు ఇవతల ఆమెకు తెలిసినది భర్త అలసట, చొక్కాకు అంటిన మసి, కొన్ని రాత్రులు గాలిలో తేలివచ్చే రసాయనాల ఘాటు - ఇంతే. లోపల ఏమి చేస్తాడో ఆమె అడుగలేదు, ఆయన చెప్పలేదు. దాపరికం వలన కాదు. ఇద్దరికీ తీరిక ఒకే వేళ ఎన్నడూ చిక్కలేదు. పీడనమాపకాల వరుసను చూపి ఆమె అడిగింది: "ఇన్ని గడియారాలున్నయి, ఇవన్ని ఏం చెప్తయి?"

ఆయన ఒక్కొక్కటే చెప్పాడు. వెనుక ఉన్న సందర్శకులు ముందుకు పొమ్మని తొందరపెట్టేవరకు చెప్పాడు. విశ్రాంతి కోసం అంత దూరం వచ్చిన మనిషి ఆ నాలుగు దినాలలో అత్యంత ఉల్లాసంగా ఉన్నది ఇంజను గదిలోనే. విశ్రాంతి అంటే పనిని మరచిపోవడమని అందరూ అంటారు. మొదటిసారి తన పనిని దూరంగా నిలబడి చూడగలగడం కూడ విశ్రాంతిలో చేరుతుందేమో.

ఆ సాయంత్రం సింహాచలం వెళ్లాలని ఆమె పట్టుపట్టింది. వాడకట్టులో ఎవరైనా "ఎందుకు పోయినరు?" అని అడిగితే చెప్పడానికి ఒక జవాబు ఉండాలి కదా! దర్శనం చేసికొని, ప్రసాదం పొట్లాలు లెక్కపెట్టి సంచిలో వేసికొన్న పిమ్మట ఆమె ముఖం తేటపడింది.

చివరినాడు భీమిలి దారిలో తొట్లకొండ ఎక్కారు. రాతిలో తొలిచిన నీటి తొట్లవలన ఆ కొండకు ఆ పేరు వచ్చింది. 1976లో నౌకాదళం వారి వైమానిక సర్వేలో ఈ శిథిలాలు బయటపడగా, 1988 తరువాత రాష్ట్ర పురావస్తుశాఖ త్రవ్వకాలు జరిపింది. రెండువేల ఏండ్ల క్రితం బౌద్ధభిక్షువులు అక్కడ నివసించారు. వరుసగా చిన్నచిన్న గదులు, స్తూపపీఠాలు, ఎదుట అంతులేని సముద్రం. అటువంటి నివాసాన్ని విహారమంటారు. తీరికగా తిరగడాన్ని కూడ విహారమనే అంటారు. సంవత్సరమంతా నడుస్తూ ఉండే భిక్షువులు వానకాలం మూడు నెలలు మాత్రం ఒకచోట ఆగేవారు. తిరిగేవారికి ఆగిన చోటు, ఆగిపోయినవారికి తిరిగే చోటు - రెంటికీ మన భాష ఒకే మాటను ఉంచడం అందంగానే ఉన్నది. కిరాణా దుకాణపు మిత్రుడు ఆ గదుల ముందు నిలబడి, "షటర్ లేని మడిగలు" అన్నాడు. ఆయన దుకాణం నాలుగు దినాలు మూతపడటం అదే మొదటిసారి. ఆ చింత ఆయనను కొండ మీదికి కూడ వెంబడించింది.

తిరుగు ప్రయాణం కూడ గోదావరిలోనే. తుని దాటేసరికి మిత్రులు కునుకుపాట్లు పడుతున్నారు. ఆమె భర్తను బాయిలరును గురించి అడిగింది. ఆయన ప్రసాదం పొట్లపు కాగితం వెనుక గీతలు గీసి చూపాడు. నీటిమట్టాన్ని తెలిపే గాజుగొట్టాన్ని ఎప్పుడూ కనిపెట్టి ఉండాలని, మట్టం పడిపోయినా చూసికోకపోతే బాయిలరు పేలిపోయే ప్రమాదం ఉన్నదని, రాత్రి షిఫ్టులో ఆ గొట్టం ఎదుటనే తెల్లవార్లు కూర్చొనేవాడనని చెప్పాడు.

"తెల్లారి వచ్చి పండుకుంటె మంచిగ నిద్ర పట్టేది. నీ మిషను సప్పుడు ఎన్నడు ఇనపడలే" అన్నాడు.

"పగటి పూట కుడితే కద ఇనపడేది!" అన్నది ఆమె. ఆయనకు రాత్రి షిఫ్టు ఉన్న వారాలలో, పగలు ఆయన నిద్ర చెడకుండ, ఆమె రాత్రివేళ దీపం వేసికొని కుట్టేది. ఆయన బాయిలరు ముందు మేలుకొని ఉన్న గంటలలోనే ఆమె మిషను ముందు మేలుకొని ఉండేది. ఈ సంగతి ఆయనకు అప్పుడే తెలిసింది.

ఆయన కొంతసేపు మాట్లాడలేదు. రాజమండ్రి వద్ద రైలు వంతెన ఎక్కింది. చీకటిలో నది కనబడక చప్పుడు మాత్రమే మారింది. ఆమె సంచిలో వెదకి, మిగిలిన సకినాలు తీసి ఆయన చేతికిచ్చింది.